మార్కండేయుడికీ పెర్సీకీ పదహారేళ్ల గండమే
సోలాపూర్ తెలుగువారి విద్యాసంస్థల పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాసంస్థల నిర్వాహకులకు, ప్రధానోపాధ్యాయులకు, గ్రంథాలయాల బాధ్యులకు,



బడిపిల్లల చేతిలో కథల పుస్తకం కనిపిస్తే చదువు పాడవుతోందని మీలో చాలామంది అభిప్రాయం. అది గ్రీకు దేవుళ్ల మీద అల్లిన ఇంగ్లీషు ఫాంటసీ నవల అయితే ఇక చెప్పనే అక్కర్లేదు. మనకు దేవుళ్లు లేరా, ఈ పరాయి గోల ఎందుకన్న మాట సిద్ధంగా ఉంటుంది. పరీక్షలో రాదు, సంస్కృతికి పనికిరాదు, కాబట్టి లైబ్రరీలో అక్కర్లేదు అని తేల్చేస్తున్నారు. ఈ తీర్పును ఒప్పుకోలేక ఈ లేఖ రాస్తున్నాను. దాజీ పేట్, భద్రావతి పేట్ సందుల్లో పెరిగే పిల్లలకు కథ ఎలా పనిచేస్తుందో నేర్పడానికి మీరు పక్కన పెట్టిన ఆ నవల చక్కగా పనికొస్తుందని నా వాదన. దాన్ని సరిగ్గా చదివిస్తే పిల్లలు మన మార్కండేయ పురాణానికి దూరం కారు, ఇంకా దగ్గరవుతారని కూడా నా నమ్మకం. ఎందుకో చెబుతాను, చివరిదాకా చదవండి.

అమెరికాలో బడిపంతులుగా పనిచేసిన రిక్ రియార్డన్ 2005లో ‘ది లైట్నింగ్ థీఫ్’ అనే నవల ప్రచురించాడు. అందులో నాయకుడు పెర్సీ జాక్సన్ అనే పన్నెండేళ్ల కుర్రాడు. అక్షరాలు కుదురుగా చదవలేడు, ఒకచోట కూర్చోలేడు, ఒక బడి నుంచి ఇంకో బడికి గెంటించుకుంటూ ఉంటాడు. తండ్రి ఎవరో తెలియదు. ఇంట్లో ఉన్న సవతి తండ్రికి పేకాట తప్ప పని లేదు. తల్లి మిఠాయి కొట్టులో పనిచేసి ఇల్లు నడుపుతుంది. కన్నతండ్రి సముద్ర దేవుడు పొసైడన్ అని తెలిశాక అసలు కథ మొదలవుతుంది. ఐదు పుస్తకాలుగా సాగి 2009లో ముగిసిన ఈ వరుసనంతా ఒక జోస్యం నడిపిస్తుంది. ముగ్గురు పెద్ద దేవుళ్లలో ఒకరి బిడ్డ పదహారేళ్ల వయసుకు చేరిన నాడు దేవలోకం నిలుస్తుందో కూలుతుందో ఆ బిడ్డ నిర్ణయంతో తేలిపోతుందన్నది ఆ జోస్యం. ఐదో పుస్తకంలో పెర్సీ పదహారో పుట్టినరోజునే అది తేలుతుంది.

పదహారేళ్ల గండం ఉన్న పిల్లవాడి కథ మనకు కొత్తదా? మృకండు మహర్షి, మరుద్వతి దంపతులకు శివుడు పెట్టిన షరతు మీ బడుల్లో చదివే ప్రతి పద్మశాలి బిడ్డకూ తెలుసు. బుద్ధిహీనుడైన చిరంజీవి కావాలా, పదహారేళ్లే బతికే గుణవంతుడు కావాలా అని అడిగితే ఆ తల్లిదండ్రులు రెండోవాణ్ణే కోరుకున్నారు, అలా పుట్టినవాడే మార్కండేయుడు. వయసు ముందే చెప్పేస్తే కథలో ఉత్కంఠ పోతుందని అనిపిస్తుంది. కానీ రెండు కథల్లోనూ ఉత్కంఠ పుట్టేది అక్కడే. చావు తేదీ తెలిసిన క్షణం నుంచి ఆ పిల్లవాడి ప్రతి పుట్టినరోజూ వినేవాడికి భయంగానే గడుస్తుంది. ముందస్తు సూచన అనే కథన పద్ధతికి మీ పాఠ్యపుస్తకం రెండు వరుసల నిర్వచనం ఇచ్చి ఊరుకుంటుంది. ఈ రెండు కథలూ పక్కపక్కన పెడితే ఏడో తరగతి పిల్లవాడు ఆ నిర్వచనాన్ని తానే రాయగలడు. అక్కడితో ఆగక తేడా కూడా పట్టగలడు. యముడి పాశం పడినా మార్కండేయుడు లింగాన్ని కౌగిలించుకుని వదలడు, అతన్ని కాపాడింది ఆ పట్టు. పెర్సీ చివరి క్షణంలో చేతిలోని కత్తిని ఎదుటివాడికి అప్పగిస్తాడు, లోకాన్ని కాపాడింది ఆ వదులుకోవడం. రెండింటిలో ఏది ఎక్కువ ధైర్యం? ఇలాంటి ప్రశ్న మీ ప్రశ్నపత్రంలో ఏనాడైనా పడిందా?

నేతపేటల పిల్లలకు మాత్రమే పూర్తిగా అందే సన్నివేశం ఒకటి ఆ నవలలో ఉంది. బస్సు చెడిపోయి రోడ్డు పక్కన ఆగుతుంది. అవతలి వైపు పండ్ల దుకాణం దగ్గర ముగ్గురు ముసలమ్మలు ఊగుడు కుర్చీల్లో కూర్చుని, మనిషి కాలికి పట్టనంత పెద్ద మేజోళ్లు అల్లుతుంటారు. నూలు మెరిసే నీలం రంగు. నడిమి ముసలమ్మ పెద్ద కత్తెర తీసి దారాన్ని పుటుక్కున తెంపుతుంది. అంత వెడల్పు రోడ్డుకు ఇవతల నిలబడ్డ కుర్రాడికి ఆ చప్పుడు వినిపిస్తుంది. పక్కనున్న స్నేహితుడు వణికిపోతాడు, ఎందుకో చెప్పడు. గ్రీకు పురాణాల్లో ఒకరు వడికి, ఇంకొకరు కొలిచి, మూడోవారు తెంపే ఆయుర్దాయపు దారమే అది. ఆ పురాణం తెలియకపోయినా మన పిల్లలు భయపడగలరు. మగ్గం మీద పడుగు తెగితే ఇంట్లో ఏమవుతుందో వాళ్లకు చెప్పనక్కర్లేదు. నడుస్తున్న మగ్గం ఆగుతుంది, అతికే చేతులు కావాలి, ఆగినంతసేపూ కూలి ఉండదు. ప్రతీక అంటే ఇదే. తెలిసిన వస్తువు ఒకటి తెలియని బరువును మోయడం. న్యూయార్క్ పిల్లవాడికి ఊహగా అందేది సోలాపూర్ పిల్లవాడికి కళ్లముందే ఉంది. అలాంటప్పుడు ఈ నవల పరాయిదని ఎవరి తరఫున తేలుస్తున్నారు?

ఇక పెర్సీ చదువు సంగతి. అతనికి ఇంగ్లీషు అక్షరాలు కళ్లముందు తేలిపోతాయి, ఒక్క మాటా స్థిరంగా నిలవదు. బళ్లో అతన్ని మొద్దు అంటారు. తీరా చూస్తే అతని మెదడు ప్రాచీన గ్రీకు చదవడానికి తయారైంది, అందుకే ఇంగ్లీషు జారిపోతోందని కథ చెబుతుంది. ఒకచోట కూర్చోలేని ఆ చలనమే యుద్ధంలో అతని ప్రాణాన్ని కాపాడుతుంది. రియార్డన్ ఈ కథను మొదట చెప్పింది చదవడంలో అలాంటి ఇబ్బంది ఉన్న తన కొడుకుకే. పాత్రచిత్రణ అంటే ఏమిటో పిల్లలకు ఇంతకంటే సూటిగా చెప్పే ఉదాహరణ దొరకదు. ఒకరికి లోపంగా కనిపించింది ఇంకొక కోణం నుంచి చూస్తే బలమవుతుంది. మీ తరగతి గదుల్లో ఈ మాట ఎవరికి అవసరం? ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగు మరాఠీ కన్నడం కలగలుపు, బడిలో మరాఠీ, పై చదువులకు ఇంగ్లీషు. ఇన్ని భాషల మధ్య తిరిగే పిల్లవాడు ఒక్క మరాఠీ వ్యాసంలో తప్పులు రాస్తే ‘కచ్చా’ అన్న ముద్ర పడుతుంది. అతనికి తెలిసిన తెలుగుకు మార్కులు లేవు, లిపి కూడా చాలామందికి నేర్పరు. వాడు మొద్దా, లేక మీ కొలత చిన్నదా? ఈ ప్రశ్న అడిగే ధైర్యం పిల్లవాడికి ఒక నవల ఇస్తుంటే దాన్ని కాలక్షేపం అని ఎలా అంటారు?

కథ జరిగే చోటు విషయానికి వద్దాం. రియార్డన్ గ్రీకు దేవుళ్లుండే ఒలింపస్ కొండను న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనం ఆరువందలో అంతస్తు మీద పెట్టాడు. పాతాళానికి దారి లాస్ ఏంజెలెస్‌లో ఒక రికార్డింగ్ స్టూడియోలోంచి. పిల్లలకు అది భలే తమాషాగా అనిపిస్తుంది. అయితే ఇలా పాత దేవతలను కొత్త వీధిలో నిలబెట్టే పని మన పెద్దలు రియార్డన్ కంటే ఎంతో ముందే చేశారు. సూర్యుడి కూతురు భద్రావతి, తామర తూడు దారంతో దేవతలకు వస్త్రాలు నేసిన భావనా ఋషికి భార్య. ఆమె పేరు ఈ ఊళ్లో ఒక పేటకు పెట్టారు, ఆ పేరు మీదే రోజూ ఉత్తరాలు పంచుతున్నారు. శ్రావణ పౌర్ణమినాడు మార్కండేయుడి రథం ఈ రోడ్ల మీదే కదులుతుంది. నేపథ్యం అన్న మాటకు ఇంతకంటే నిండైన ఉదాహరణ ఏ పాఠ్యపుస్తకంలో ఉంది? అయినా భద్రావతి పేట్‌లో ఉండే పిల్లవాడికి తన చిరునామాలోనే ఒక కథ ఉందని ఏ పాఠమూ చెప్పడం లేదు.

ఇక్కడే ఆ నవలతో మనం గట్టిగా పోట్లాడాల్సిన చోటు ఉంది. నేను దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగమనడం లేదు. గ్రీసు నుంచి దేవుళ్లు అమెరికాకు ఎందుకు వచ్చారన్న ప్రశ్నకు అందులో గురువు కైరాన్ ఒక జవాబు చెబుతాడు. పాశ్చాత్య నాగరికత ఎక్కడ వెలిగితే దేవుళ్లు అక్కడికి మారతారట. గ్రీసు, తర్వాత రోము, తర్వాత యూరప్ రాజ్యాలు, ఇప్పుడు అమెరికా. అంటే దేవుళ్లు అధికారం వెంట నడుస్తారు. ఈ మాటకు సోలాపూర్ పిల్లవాడు చెప్పగల జవాబు న్యూయార్క్ పిల్లవాడికి తోచదు. ఈ ఊళ్లో మొదటి నూలు మిల్లు 1877లో మొదలైంది. ఆ తర్వాత నైజాం తెలంగాణ పల్లెల నుంచి నేతగాళ్లు బతుకు వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చారు, మార్కండేయుణ్ణి వెంట తెచ్చుకున్నారు. వాళ్లు రాజ్యం గెలిచి రాలేదు, కూలి కోసం వచ్చారు. మన దేవుడు ఆకలి వెంట, మగ్గం వెంట నడిచాడు. భివండీలోనూ, ఇతర నేత ఊళ్లలోనూ జరిగింది ఇదే. ఒక నవల ప్రతిపాదించిన సిద్ధాంతాన్ని తన వీధి చరిత్రతో సవాలు చేయగలిగిన రోజున ఆ విద్యార్థి విమర్శ నేర్చుకున్నట్టు. పుస్తకం చేతికే ఇవ్వకపోతే సవాలు చేయడం ఎక్కడ నేర్చుకుంటాడు?

ఇంకో చోట కూడా పోట్లాడాలి. లాటిన్ కవి ఓవిడ్ కావ్యంలో అరాక్నీ అనే నేతగత్తె ఉంది. రంగులద్దేవాడి కూతురు, గొప్ప వంశం కాదు, పనితనం ఒక్కటే ఆమె ఆస్తి. నేతకు అధిదేవత అయిన ఎథీనాతో పోటీకి దిగి, దేవతలు మనుషులకు చేసిన అన్యాయాలనే బట్టలో నేసి చూపించింది. దేవత వెతికి చూసినా ఆ నేతలో తప్పు దొరకలేదు. ఆ కోపంతో బట్టను చింపి, చేతిలో ఉన్న నాడెతో అరాక్నీ నుదుటి మీద మూడు నాలుగుసార్లు కొట్టింది. ఆ నాడెనే మన మరాఠీ ఇరుగుపొరుగు ధోటా అంటారు. అవమానం భరించలేక ఉరి వేసుకోబోయిన అరాక్నీని ఎథీనా సాలెపురుగుగా మార్చింది. రియార్డన్ 2012లో రాసిన ‘ది మార్క్ ఆఫ్ ఎథీనా’లో ఈ అరాక్నీ భయంకరమైన రాక్షసిగా వస్తుంది. ఎథీనా కూతురు ఆమె నేర్పును పొగిడి, ఆమె చేతే నేయించిన ఉచ్చులో ఆమెను పడేస్తుంది. తెలివైన పట్టు, ఒప్పుకుందాం. కానీ కథ ఎవరి కళ్లతో చెబుతున్నారు? పనిలో ఓడని మనిషి రాక్షసి ఎలా అయింది? దృష్టికోణం అన్న సాహిత్యాంశాన్ని నేతవారి పిల్లలకు నేర్పడానికి ప్రపంచ సాహిత్యంలో దీనికి సాటివచ్చే పాఠం నాకు కనిపించడం లేదు. అరాక్నీ వైపు నుంచి ఆ కథ తిరగరాయమని ఒక్క వ్యాసం ఇచ్చి చూడండి, ఏమొస్తుందో.

మీ అభ్యంతరాలు నాకు తెలుసు. పరాయి దేవుళ్ల కథలు చదివితే పిల్లలు మన కథలకు దూరమవుతారన్నది మొదటిది. అనుభవం దీన్ని ఒప్పుకోదు. 1947లో మొదలైన చందమామ హోమర్ కథలు రెండింటినీ తెలుగు పిల్లలకు ధారావాహికలుగా అందించింది. ఇలియడ్ ‘భువనసుందరి’ అయింది, ఒడిస్సీ ‘రూపధరుడి యాత్రలు’ అయింది. ఆ పత్రికలోనే రామాయణ భారతాలూ వచ్చేవి. ట్రాయ్ యుద్ధం చదివినందువల్ల కురుక్షేత్రం మరిచిపోయిన పాఠకుణ్ణి ఎవరైనా చూపించగలరా? ఇదే పత్రిక మరాఠీలో చాందోబాగా వచ్చేది కాబట్టి మన ఊరి పిల్లలకు ఏ భాషలో అయినా అందింది. నిజానికి పోలికే సొంత కథను కొత్తగా చూపిస్తుంది. పెర్సీ చదివిన పిల్లవాడే మార్కండేయుడి గురించి మళ్లీ అడుగుతాడు.

పురాణం భక్తికి సంబంధించింది, దాన్ని కథలా విడదీసి చూడటం అపచారం అన్నది రెండోది. ఈ బాధ నిజాయితీ గలదే, తేలిగ్గా కొట్టిపారేయను. కానీ పద్మశాలీలకు తమ పురాణం చేరిన తీరు గుర్తు చేసుకోండి. కూనపులివారు గుడ్డ మీద బొమ్మలు వేయించిన పటాన్ని విప్పుతూ, ఒక్కో గడి దగ్గర ఆగి, పాట పాడి, వచనం చెప్పి, మళ్లీ ముందుకు కదిలేవారు. చేర్యాల నకాశీ కళాకారులు ఆ పటాలు గీసేవారు. ఏ గడి దగ్గర ఎంతసేపు ఆగాలి, ఎక్కడ నవ్వించాలి, యముడి పాశం పడేముందు ఎంత మౌనం పాటించాలి అన్నదంతా వాళ్లు బాగా లెక్కవేసుకున్న కథన శిల్పం. ఆ శిల్పాన్ని గమనిస్తే భక్తి తరగదు. పెర్సీ దేవుళ్లతో వెటకారంగా మాట్లాడతాడు, పిల్లలకు అగౌరవం అబ్బుతుందంటారా? భద్రాచల రామదాసు తన రాముణ్ణి నిలదీసిన తీరు ముందు పెర్సీ చాలా మర్యాదస్తుడు. దేవుడితో తగువు పెట్టుకోవడం మన భక్తిలో పాత సంగతే.

మూడో అభ్యంతరం ఆచరణకు సంబంధించింది: మా పిల్లలకు అంత ఇంగ్లీషు రాదు, తల్లులు బీడీలు చుట్టి చదివిస్తున్నారు, పుస్తకాలు కొనే స్తోమత ఎక్కడిది? ఇది నిజమైన సమస్యే. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను, తల్లిదండ్రులను కాదు. పుస్తకం ఒక్కటి చాలు. ఉపాధ్యాయుడు వారానికి ఒక అధ్యాయం చదివి, మరాఠీలోనో తెలుగులోనో చెబుతూ పోతే నలభై మంది వింటారు. పటం కథ సాగింది కూడా ఒక్క పటంతోనే, ఊరంతా కూర్చుని విన్నది. ఇక చట్టం సంగతి అంటారా, 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలని, అందులో అన్ని విషయాల పుస్తకాలతో పాటు కథల పుస్తకాలు కూడా ఉండాలని పేరు పెట్టి చెబుతుంది. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణం రాష్ట్రాలకు చెబుతుంది. కథల పుస్తకం చట్టం ప్రకారమే పిల్లల హక్కు అయినప్పుడు దాన్ని దయాదాక్షిణ్యంగా ఎలా చూస్తారు? మార్కులు తెచ్చే గైడుకు అల్మారాలో చోటుండి కథకు లేకపోతే ఆ అల్మారా ఎవరి కోసం?

మరో సంగతి కూడా ఆలోచించండి. 2018లో రోషనీ చోక్షీ అనే అమెరికన్ రచయిత్రి, రియార్డన్ పేరు మీదే నడిచే ప్రచురణ వరుసలో ‘ఆరూ షా అండ్ ది ఎండ్ ఆఫ్ టైమ్’ తెచ్చింది. భారత కథను ఈ కాలపు ఆడపిల్లల చేతుల్లో పెట్టిన నవల అది. మహాభారతానికి అట్లాంటాలో రచయిత్రి దొరికింది. తామర తూడుతో దేవతలకు బట్టలు నేసిన ఋషికి, సూర్యుడి కూతురికి, పదహారేళ్లకు యముణ్ణి ఎదిరించిన కుర్రాడికి రచయిత ఎక్కడి నుంచి రావాలి? దాజీ పేట్ నుంచి రావచ్చు. తెలుగు ఇంట పుట్టి మరాఠీ కవిగా పేరు తెచ్చుకున్న లక్ష్మీనారాయణ బొల్లి ఈ ఊరివాడే. రాయడానికి ముందు చదవాలి, చదవడానికి పుస్తకం అందాలి, అందించే తాళంచెవి మీ దగ్గర ఉంది.

కాబట్టి నా విన్నపం ఇది. వచ్చే విద్యాసంవత్సరంలో ప్రతి బడిలోనూ వారానికి ఒక పీరియడ్ కథాపఠనానికి కేటాయించండి. ‘ది లైట్నింగ్ థీఫ్’ లాంటి నవల ఒకటి, మార్కండేయ, భావనా ఋషి కథ ఒకటి, రెండూ కలిపి చదివించండి. ఇళ్లలో అవ్వలు చెప్పే మార్కండేయ కథను పిల్లల చేత తెలుగులోనే రాయించండి. లిపి రాకపోతే ఆ నెపంతోనైనా లిపి నేర్పండి. పరీక్షలో నిర్వచనం అడగడం మానేసి, ఎందుకు అని అడగండి. దేవుళ్లు అధికారం వెంట నడుస్తారా, కష్టం వెంట నడుస్తారా అన్న ప్రశ్నకు మన పిల్లలు రాసే జవాబులు మీరే దిద్దండి. లైబ్రరీ అల్మారా తాళం ఈ నెలలోనే తీయించండి.

ఇట్లు
సోలాపూర్ దాజీ పేట్ నుంచి ఒక తెలుగు పాఠకుడు